డెల్టా దారులకు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ హ్యాచ్‌బ్యాక్ ఎలా ఎంచుకోవాలి?

ఇంట్లో అందరూ వాడుకునే చిన్న హ్యాచ్‌బ్యాక్‌కే టర్బో ఇంజను (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి బలం పెంచుకునేది) బిగించి, సస్పెన్షన్ బిగువు పెంచి, కాస్త వెడల్పు టైర్లు వేసి, పక్కన ఎర్ర గీతలు గీసి అమ్మిన కార్లు మన దేశంలో చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం షోరూముల్లో నిలదొక్కుకోలేక ఉత్పత్తి ఆగిపోయాయి గనుక, ఇప్పుడు కావాలనుకునేవారు రాజమండ్రి, కాకినాడ, భీమవరం వంటి ఊళ్లలోని కార్ కన్సల్టెన్సీలలోనో, హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చే వాడిన కార్లలోనో వెతుక్కోవాలి. ఇటువంటి కారును చూడగానే అందరూ ముందు బానెట్ ఎత్తమంటారు. గోదావరి డెల్టాలో తిరగవలసిన కారుకు ఈ వరస సరిపోదు. ఇక్కడ ముందు కారు అడుగుభాగం, తరువాత నీటి జాడలు, ఆ రెండూ బాగుంటేనే ఇంజను చూడాలి. ఈ వ్యాసం ఆ వరసలోనే సాగుతుంది.

మొదటి మెట్టు: పేరులో ఉన్న స్పోర్ట్ కారులోనూ ఉందో లేదో తేల్చుకోండి

స్టిక్కర్లు, నల్ల పైకప్పు, ఎర్ర దారంతో కుట్టిన సీట్లు మాత్రమే అదనంగా ఉండి, లోపల మామూలు ఇంజనే ఉన్న కార్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. వాటికి అదనపు ధర పెట్టవలసిన పని లేదు. నిజంగా మార్పు జరిగిన వాటిని చెప్పుకోవాలంటే, 2017లో వచ్చిన మారుతి బాలెనో ఆర్‌ఎస్‌లో ఒక లీటరు మూడు సిలిండర్ల టర్బో ఇంజను 102 పీఎస్ (హార్స్‌పవర్ వంటి కొలత) శక్తిని, 150 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఇస్తుంది. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉంటాయి. 2018లో కోయంబత్తూరుకు చెందిన జయేం సంస్థతో కలిసి టాటా తెచ్చిన టియాగో జేటీపీ 114 పీఎస్ కారు. ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో 1.2 లీటర్ల టర్బోతో 105 పీఎస్ ఇస్తూ మొదలై, 2020లో ఒక లీటరు ఇంజనుకు మారి 110 పీఎస్‌కు చేరింది. 2015 నాటి ఫియట్ అబార్త్ పుంటో అన్నిటికంటే బలమైనది, 145 పీఎస్. తరువాత 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాయి. రెండూ 120 పీఎస్ కార్లే.

ఐ20 ఎన్ లైన్ ఇంజను అప్పట్లో మామూలు ఐ20 టర్బోలోనూ ఉండేది. ఎన్ లైన్‌లో మార్చింది సస్పెన్షన్, స్టీరింగ్, సైలెన్సర్ శబ్దం, వెనుక బ్రేకులు. కాబట్టి మీకు కావలసింది వేగమా, మలుపుల్లో పట్టా అన్నది ముందే నిర్ణయించుకుంటే కొన్ని వేల రూపాయలైనా మిగులుతాయి.

రెండవ మెట్టు: కారు కింద మీ ఊరి దారిని కొలవండి

డెల్టాలో జాతీయ రహదారి దిగగానే దారి స్వభావం మారిపోతుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది గనుక, దాని మీద వేసిన తారు రోడ్డు ఒకటి రెండేళ్లలోనే అలలు తిరుగుతుంది. కాలువ గట్టు రోడ్లు ఒక పక్కకు కుంగుతాయి. కాలువ మీది పాత వంతెనలు రోడ్డు కంటే ఎత్తులో ఉండి, ఎక్కే చోట, దిగే చోట మిట్ట తేలి ఉంటుంది. వీటికి తోడు ప్రతి ఊరి మొదట్లోనూ చివరలోనూ ఎవరికి తోచిన ఎత్తులో వారు కట్టించుకున్న స్పీడ్ బ్రేకర్లు.

కంపెనీలు చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ అంకెలు ఎక్కువగా ఖాళీ కారువి. ఆల్ట్రోజ్‌కు 165 మిల్లీమీటర్లు, బాలెనోకు 170, అబార్త్ పుంటోకు 155 అని కాగితం మీద ఉంటుంది. ఐదుగురు ఎక్కి, డిక్కీలో సంక్రాంతి సామాను పెట్టాక ఆ ఎత్తు అంతే ఉండదు. అందువల్ల కారు చూడడానికి ఒంటరిగా వెళ్లకుండా ఇంకో ముగ్గురిని వెంట తీసుకెళ్లి, నలుగురూ కూర్చున్నాక నేలకూ ఇంజను కింది రేకుకూ మధ్య ఎంత ఉందో టేపుతో కొలవండి. ఆ తరువాత మీ వీధి మలుపులోని అన్నిటికంటే చెడ్డ స్పీడ్ బ్రేకర్‌ను కొలవండి. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య భాగం ఆ మిట్టకు తగిలే కారు ఎంత అందంగా ఉన్నా మీకు పనికిరాదు. అబార్త్ పుంటోను నేను మనసారా మెచ్చుకుంటాను, కానీ లంక గ్రామంలో ఇల్లు ఉన్నవారికి దానిని సిఫారసు చేయలేను.

టైర్ల సంగతి కూడా ఇక్కడే చూడాలి. మామూలు స్విఫ్ట్ చిన్న రకాలకు వచ్చే 165/80 ఆర్14 టైరులో రిమ్‌కూ నేలకూ మధ్య రబ్బరు గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. బాలెనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్‌లకు వచ్చే 195/55 ఆర్16లో అది 107 మాత్రమే. ఆ ఇరవై అయిదు మిల్లీమీటర్ల తేడాయే గుంతలో పడినప్పుడు దెబ్బను రిమ్‌కు చేరనివ్వాలా వద్దా అని తేలుస్తుంది. రిమ్ లోపలి అంచును చేత్తో తడిమి చూడండి; వంగి సరిచేయించిన రిమ్‌కు అక్కడ సుత్తి దెబ్బల గుర్తులు దొరుకుతాయి. టైరు పక్కన ఉబ్బు ఉంటే దాని లోపలి దారాలు తెగినట్టే. టైరు మీది చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 2321 అంటే 2021లో ఇరవైమూడో వారం.

ఇక కారును ఏదైనా వాటర్ సర్వీస్ ర్యాంపు మీదికి ఎక్కించమని అడగండి. వంద, రెండు వందలు మీరే ఇవ్వండి, అమ్మేవారితో మాట పడకుండా ఉంటుంది. కింద ఆయిల్ చాంబరు గీరుకుపోయిందా, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చీలాయా, షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారిందా, సైలెన్సర్ గొట్టం నొక్కుకుపోయిందా అన్నవి అక్కడే బయటపడతాయి. బిగువైన సస్పెన్షన్ ఉన్న కారులో దెబ్బ స్ప్రింగు దగ్గర ఆగిపోదు, బుష్‌లు, లింక్ రాడ్లు కూడా దాన్ని భరిస్తాయి. అందుకే ఇటువంటి కార్లలో అవి ముందుగా అరుగుతాయి. తీరానికి దగ్గరగా, అంటే నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన కారయితే అతుకుల దగ్గర తుప్పు చూడాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పు నీరు కూడా ఇదే పని చేస్తుంది, సముద్రం దాకా వెళ్లనవసరం లేదు.

మూడవ మెట్టు: కారు నీళ్లలో మునిగిందేమో చూడండి

ఈ మెట్టును తొందరపడి దాటకూడదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో గోదావరి ఆ మట్టాన్ని దాటి ప్రవహించినప్పుడు కోనసీమ లంకలలో ఇళ్లే మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీట మునిగినప్పుడు, వాటిలో నిలిపి ఉన్న కార్లు కూడా మునిగాయి. మునిగిన కారును కడిగి, ఎండబెట్టి, పాలిష్ పట్టి పక్క జిల్లాలో అమ్మేయడం కొత్త విషయం కాదు. టర్బో కార్లలో సెన్సర్లు, వైరింగు మామూలు కార్ల కంటే ఎక్కువ కాబట్టి మునక నష్టం కూడా వాటికే ఎక్కువ, అదీ నెలల తరువాత గానీ బయటపడదు.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. కడిగేవారు బెల్టు పైభాగాన్ని కడుగుతారు గానీ లోపల చుట్టుకుని ఉన్న చివరి మూరను మరిచిపోతారు. అక్కడ ఒండ్రు గీత ఉంటే ఇక మాట్లాడవలసింది లేదు. స్టెప్నీని ఎత్తి దాని గుంత అడుగున మట్టి పేరుకుందేమో, ముందు సీట్ల కింది పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో, కార్పెట్ కింది స్పాంజి చెమ్మగా ఉందేమో చూడండి. ఫ్యూజు పెట్టెలో రాగి మొనల మీద ఆకుపచ్చ పూత కనిపిస్తే నీరు అంత ఎత్తు వరకు వచ్చిందన్న మాట. కారులో అత్తరు వాసన గాఢంగా ఉంటే అద్దాలన్నీ బిగించి ఓ అరగంట ఎండలో ఉంచి, తలుపు తీసిన వెంటనే లోపలికి వంగి వాసన చూడండి. ముక్కవాసనను ఏ అత్తరూ అంతసేపు ఆపలేదు. పాత ఇన్సూరెన్స్ పాలసీ నంబరు తీసుకుని క్లెయిములు ఉన్నాయేమో కనుక్కోవడం కూడా మంచిది.

ఎలుకల సంగతి కూడా చెప్పుకోవాలి. చేల మధ్య ఇళ్లున్నచోట కోతలు అయ్యాక ఎలుకలు గట్టుల నుంచి కార్ల బానెట్ల కిందికి మారతాయి. అతుకులు వేసి నల్ల టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే కారణం అడగండి.

నాలుగవ మెట్టు: ఇంజను, గేరు పెట్టె

కారు చూడడానికి ఉదయాన్నే వెళ్లండి, మీరు వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి; వెచ్చగా ఉంటే మీకు చూపించకూడనిది ఏదో ఉందని అర్థం. చల్లని ఇంజను తిరగగానే వెనుక నీలం పొగ వస్తే నూనె కాలుతోంది, అది టర్బో నుంచి కావచ్చు, సిలిండర్ల నుంచి కావచ్చు, రెండూ ఖరీదైనవే. టర్బో ఇంజనుకు నూనె సమయానికి మార్చకపోవడం కంటే పెద్ద హాని లేదు, ఎందుకంటే అత్యంత వేగంగా, అత్యంత వేడిలో తిరిగే టర్బో ఇరుసును పలుచని నూనె పొర ఒక్కటే కాపాడుతుంది. సర్వీసు కాగితాలలో కిలోమీటర్లకు, తేదీలకు పొంతన ఉందో లేదో చూస్తే మీటరు వెనక్కి తిప్పారో లేదో కూడా తెలిసిపోతుంది. మెకానిక్ చేత కారు కంప్యూటరులో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టించి, పాత తప్పుల జాబితా నిన్ననే చెరిపేసి ఉందేమో గమనించండి.

గేరు పెట్టె విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: ఇక్కడ వాడకానికి మాన్యువల్ తీసుకోండి. 2020కి ముందు వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలోని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్) పొడి క్లచ్‌ల మీద పనిచేస్తుంది. తణుకు సంత రోజునో, వంతెన దగ్గర వరుస కట్టిన లారీల వెనుకనో అంగుళం అంగుళం కదులుతూ ఉంటే ఆ క్లచ్‌లు వేడెక్కుతాయి. తరువాతి ఒక లీటరు పోలోలో క్లచ్‌కు బదులు ద్రవంతో బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది, ఆ ఇబ్బంది దానికి లేదు. ఐ20 ఎన్ లైన్ తొలి కార్లలో గేర్లు చేత్తోనే మార్చినా క్లచ్ పెడల్ లేని ఐఎంటీ ఉండేది. 2023లో దాని స్థానంలో మామూలు ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది.

ఐదవ మెట్టు: నడిపి చూడండి

అమ్మేవారు చూపించిన చక్కని రోడ్డు మీద కాకుండా మీరు ఎంచుకున్న దారిలో నడపండి. ఆ దారిలో మూడు రకాల నేల ఉండాలి. ఒకటి కాలువ గట్టు. కిటికీలు దించి, రేడియో ఆపి, ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళుతూ కింద టకటక శబ్దాలు వినాలి. రెండవది జాతీయ రహదారి. రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన వైపు వెళ్లి, మూడో గేరులో నెమ్మదిగా ఉన్న కారుకు ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే, కొద్ది క్షణాల ఆలస్యం తరువాత లాగుడు ఒకే తీరున పెరగాలి. మధ్యలో తడబడితే టర్బో గొట్టాలలో ఎక్కడో గాలి పోతూ ఉండవచ్చు. మూడవది, రెండు వరసల 216 నంబరు జాతీయ రహదారి వంటి దారిలో లారీని దాటే సందర్భం. ఇటువంటి కారు కొనడంలో అసలు ప్రయోజనం దాటే దూరం తగ్గడమే గనుక, అది మీకు నిజంగా కనిపించాలి. కనిపించకపోతే మామూలు రకమే చాలు.

ఆరవ మెట్టు: కాగితాలు

రాష్ట్రంలోని కారుకు ఫారం 29, ఫారం 30 సంతకాలు కావాలి; అప్పు ఉన్న కారయితే బ్యాంకు ఇచ్చే ఫారం 35 కూడా కావాలి. కొన్నవారు ముప్పై రోజులలోపు తమ పేరుకు మార్చుకోవాలి. తెలంగాణ కారుకు, యానాంలో రిజిస్టర్ అయి పీవై 04 నంబరు ఉన్న కారుకు ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్ లైఫ్ టాక్స్ కట్టాలి. యానాం కారు చవకగా వస్తోందని సంబరపడేవారు ఆ పన్నును ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. వేరే రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ తిప్పడం చట్టవిరుద్ధం. బాకీ చలాన్లు చూశాకే బయానా ఇవ్వండి.

పాత యజమాని సైలెన్సర్ మార్చాడా, బలం పెంచడానికి ఇంజను కంప్యూటరుకు రీమ్యాప్, అంటే లోపలి సెట్టింగుల మార్పు, చేయించాడా అని కూడా అడగాలి. మోటారు వాహనాల చట్టం 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు, అది ఇప్పటి యజమానికే పడుతుంది. కంపెనీ ఇచ్చిన భాగాలు డిక్కీలో ఉంటే తీసుకుని, తిరిగి బిగించుకోండి.

ఏడవ మెట్టు: కొన్న తరువాత

ఇన్సూరెన్సును పద్నాలుగు రోజులలోపు మీ పేరుకు మార్పించుకుని, అందులో ఇంజను రక్షణ అదనపు కవరు చేర్పించుకోండి. మామూలు పాలసీ వరద నష్టాన్ని భరించినా, నీటిలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయబోతే లోపల విరిగిన కనెక్టింగ్ రాడ్లను సాధారణంగా భరించదు. కాజ్‌వే మీద నీరు చక్రంలో సగానికి వచ్చిందంటే వెనక్కి తిరగాలి. మధ్యలో ఆగితే తాళం తిప్పకుండా తోయించుకోవాలి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారయితే, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో వారాల తరబడి కదపకుండా ఉంచకండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, డెల్టాలో తేమకు కొదవ లేదు. సార్వా కోతల కాలంలో, తిరిగి దాళ్వా కోతల కాలంలో రోడ్ల మీద పరిచిన ఎండుగడ్డి మీదుగా పోవలసి వస్తే, నేలకు దగ్గరగా వేలాడే వేడి సైలెన్సర్‌కు, కెటలిటిక్ కన్వర్టర్‌కు ఆ గడ్డి చుట్టుకోకుండా పక్కగా పోనివ్వండి; చుట్టుకుంటే గడ్డి కుప్ప మీద కారు ఆపకుండా, ఖాళీ రోడ్డు మీదికి వచ్చాక ఇంజను ఆపి, చల్లబడనిచ్చి, కర్రతో లాగి తీసేయండి.