రంగు వేయించిన ఫెయిరింగ్‌ని క్రూయిజర్‌కి ఎక్కించే ముందు

ఫెయిరింగ్ అంటే బండి ముందు, లైటు చుట్టూ గాలికి అడ్డంగా బిగించే తొడుగు. దాని పార్సెల్ ఇంటికి రాగానే నేరుగా పెయింటర్ షెడ్డుకు తీసుకుపోకండి. రంగు పడకముందే అది ఒకసారి బండి మీద పూర్తిగా కూర్చోవాలి. ప్రతి బోల్టూ పడాలి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరగాలి, లైటు వెలగాలి. ఆ తర్వాత ఊడదీసి రంగుకు ఇవ్వాలి. ఈ వరస తప్పితే పోయేది పెయింట్ డబ్బులొక్కటే కాదు.

మూడేళ్ల కిందట నేను ఈ వరస తప్పాను. నా క్రూయిజర్‌కి, అంటే సీటు కిందికి ఉండే పొడుగు బండికి, గబ్బిలం రెక్కల్లా ఉండే బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్ తెప్పించి, దాని మీద శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో తీగెలు, ఎడమ పక్క ఒక నెమలి గీయించాను. బట్ట మీద కలంతో గీసే ఆ గీతల్ని ఎయిర్ బ్రష్‌తో ఫైబర్ మీదికి తేవడానికి ఆర్టిస్టుకు మూడు వారాలు పట్టింది. తీరా బిగించే రోజు చూస్తే ఎడమ బ్రాకెట్‌కీ ఫెయిరింగ్ బొక్కకీ నాలుగు మిల్లీమీటర్ల తేడా. "ఏం కాదన్నా, రెండే నిమిషాలు, పక్కనే ఇంకో బొక్క కొట్టేద్దాం" అన్నాడు మెకానిక్. సరేనన్నది నేనే. డ్రిల్ బిట్ లోపలికి దిగుతుంటే టిక్ మని చిన్న చప్పుడైంది. చూస్తే రూపాయి బిళ్ళంత మేర క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే మెరుపు పొర, పెళ్ళలా లేచిపోయింది. సరిగ్గా నెమలి మెడ దగ్గర. ఆ నెల గడవకముందే అక్కడి నుంచి వెంట్రుకలా ఒక పగులు అంచుదాకా పాకింది.

మీ ఫెయిరింగ్ దేన్ని పట్టుకుని ఉంటుంది?

క్రూయిజర్ ఫెయిరింగులు రెండు రకాలు. ఒకటి ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని మోసే జంట కాళ్ళను, పట్టుకుని హ్యాండిల్‌తో పాటు తిరిగేది. 1969లో హార్లీ డేవిడ్‌సన్ ఎలక్ట్రా గ్లైడ్‌తో పేరుకెక్కిన బ్యాట్‌వింగ్ ఈ రకమే, మన దగ్గర మీటియోర్, అవెంజర్ లాంటి బండ్లకు బయట దొరికేవి కూడా ఎక్కువగా ఇవే. రెండోది ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, బిగించేది. హార్లీ వాళ్ళదే రోడ్ గ్లైడ్‌కి ఉన్నట్టు అది కదలకుండా ఉంటుంది, హ్యాండిల్ దాని వెనక తిరుగుతుంది.

ఫోర్కు మీద కూర్చునే రకమైతే దాని బరువంతా స్టీరింగ్ మీద పడుతుంది. కోన్ సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల్లో, కొంచెం లూజు ఉన్నా, ఇన్నాళ్లూ తెలియనిది ఫెయిరింగ్ ఎక్కాక వేగంలో హ్యాండిల్ ఊగడంగా బయటపడుతుంది. కాబట్టి ముందు చక్రం నేల నుంచి లేపి, ఫోర్కు కాళ్ళు రెండూ పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. టక్ మని ఆడితే ముందు కోన్ సెట్ పని చేయించి, ఆ తర్వాతే ఫెయిరింగ్ సంగతి చూడండి. టైరు అరుగుదల, గాలి కూడా ఆ రోజే చూసుకోండి.

రంగుకు ముందు ట్రయల్

బొక్కలు పెట్టాల్సిన చోట మాస్కింగ్ టేపు అంటించి, టేపు మీద గుర్తు పెట్టి, కింద చెక్క ముక్క ఆనించి, తక్కువ స్పీడులో డ్రిల్ చేయించండి. బొక్క బోల్టు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, ఆ సందులో రబ్బరు బుష్ కూర్చుంటుంది. ప్రైమర్, రంగు, క్లియర్ కోటు కలిసి మిల్లీమీటర్‌లో పదో వంతు దాకా మందం పెరుగుతుంది కాబట్టి ముడి ఫెయిరింగ్ మీద బిగుతుగా దూరిన బోల్టు రంగు తర్వాత దూరదు. తోసి దూర్చారో, బొక్క అంచున పెయింట్ చిట్లుతుంది. ఫైబర్ అయితే డ్రిల్ చేసేవాళ్ళు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. ఆ పొడిలో ఉండేది గాజు నార.

అన్నీ బిగించాక అసలైన పరీక్ష. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పండి, పూర్తిగా కుడికి తిప్పండి. క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైరు, బ్రేకు హోస్ ఎక్కడైనా లాక్కుపోతున్నాయా, నలుగుతున్నాయా? క్లచ్, బ్రేకు లీవర్లు ఫెయిరింగ్‌ని తాకుతున్నాయా? ట్యాంకుకీ ఫెయిరింగ్ కింది అంచుకీ మధ్య ఒక వేలు దూరుతోందా?

తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ ముట్టకుండా, హ్యాండిల్ మెల్లగా అటు చివరికీ ఇటు చివరికీ తిప్పండి. ఏ పక్కకు తిప్పినప్పుడైనా ఇంజన్ చప్పుడు పెరిగిందంటే, అటు తిరిగేటప్పుడు యాక్సిలేటర్ వైరు గుంజుకుంటోందని అర్థం. ఇది సరిచేయకుండా బండి గేటు దాటించవద్దు. తిరుమల నుంచి దిగేటప్పుడు, 1944 నాటి ఆ మొదటి ఘాట్ రోడ్డులో, హ్యాండిల్ బాగా తిప్పాల్సిన మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అక్కడ మీరు బ్రేకు పట్టుకుంటుంటే బండి తనంతట తాను రేజ్ అయితే ఏమవుతుందో ఊహించుకోండి. నా ఫెయిరింగ్ మొదటిసారి బిగించినప్పుడు కుడి పక్క మలుపులో ఇదే లోపం కనిపించింది. ఇంటి ముందే కనిపించింది కాబట్టి సరిపోయింది. వైరును బ్రాకెట్ వెనక నుంచి కాకుండా ముందు నుంచి మళ్ళిస్తే తీరిపోయింది.

ఇంకొకటి. ఫోర్కు దిగినప్పుడు ముందు మడ్‌గార్డు పైకి వస్తుంది, అది ఫెయిరింగ్‌ని తాకకూడదు. ఫోర్కు రాడ్డుకు ఒక ప్లాస్టిక్ టై కట్టి, ఇద్దరు కూర్చుని ముందు బ్రేకు పట్టి గట్టిగా ఊపండి. టై ఎక్కడిదాకా జరిగిందో చూసి, మడ్‌గార్డు ఇంకా ఎంత పైకి రాగలదో లెక్క వేసుకోండి. మన తిరుపతిలో స్పీడ్ బ్రేకర్లకు కొదవ లేదు.

రంగు ఆరడం

ఫైబర్, ఏబీఎస్ ప్లాస్టిక్ ఒకటి కావు. ఏబీఎస్ వంగుతుంది, ఫైబర్ అంతగా వంగదు. ఏబీఎస్ మీద ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా వేస్తే రంగు పొరలుగా ఊడి వస్తుంది. మీది ఏదో పెయింటర్‌కి ముందే చెప్పండి.

రంగు ఆరడానికి టైమివ్వడం అన్నిటికంటే కష్టమైన ఓపిక. బేకింగ్ బూత్ ఉన్న చోట అరవై డిగ్రీల దగ్గర అరగంటలో గట్టిపడుతుంది. చిన్న షెడ్డుల్లో గాలికే ఆరుతుంది. మన మే ఎండల్లో పైపొర గంటలో ఆరిపోయినట్టు కనిపిస్తుంది, లోపలి థిన్నర్ మాత్రం బయటికి రావడానికి రోజులు పడుతుంది. లోపలి వైపు, ఎవరికీ కనపడని అంచున గోరు నొక్కి చూడండి. గుర్తు పడితే ఇంకా పచ్చిగానే ఉంది. కనీసం వారం ఆగి బిగించండి, నెల దాటేదాకా మైనం, పాలిష్ వద్దు, కవర్ కప్పవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు కాబట్టి గాలిలో తేమకు క్లియర్ కోటు పాలిపోయినట్టు తెల్లబడుతుంది. నా మటుకు సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు ఈ పని పెట్టుకోవడమే మంచిది.

బిగించే రోజు

ఒక్కరే చేయవద్దు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి. ఉంగరాలు, వాచీ, కడియం తీసేయండి. ట్యాంకు మీద, ముందు మడ్‌గార్డు మీద పాత బొంత పరవండి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పి, అన్నీ అయ్యాక చివర్లో తగిలించండి. బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద గుడ్డ చుట్టండి. డాట్ 3, డాట్ 4 ఆయిల్ ఒక్క చుక్క పడినా కొత్త పెయింట్ బుడగలు లేస్తుంది. పడితే తుడవకుండా వెంటనే నీళ్ళు పోసి కడగండి. తుడిస్తే మరింత మేర పాకుతుంది.

బోల్టులన్నీ ముందు రెండు మూడు చుట్లు మాత్రమే ఎక్కించి, ఫెయిరింగ్ సర్దుకున్నాక ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకే బోల్టును పూర్తిగా బిగించి రెండోదానికి పోతే ఫెయిరింగ్ మెలితిరిగి బిగుసుకుంటుంది, తర్వాత ఇంజన్ వైబ్రేషన్‌కు అక్కడే పగులుతుంది. బోల్టు తల కింద నైలాన్ వాషర్, దాని కింద రబ్బరు. ఇనుప వాషర్ నేరుగా రంగు మీద ఆనకూడదు. బిగించడం పొట్టి అలెన్ కీతో, రెండు వేళ్ళ బలంతో. రబ్బరు కొంచెం నలిగి ఉబ్బినట్టు కనిపించగానే ఆపండి. ఇంకో పావు చుట్టు అని చేయి ఆగక తిప్పితే బోల్టు చుట్టూ సాలెగూడులా సన్న గీతలు వస్తాయి. అవి మళ్ళీ పోవు.

బోల్టు ఊడకుండా చాలామంది నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే బోల్టు మరకు పూసే జిగురు, వాడతారు. ఇనుముకు ఇనుము బిగించే చోట అది మంచిదే. ఏబీఎస్ ప్లాస్టిక్‌కి తగిలితే మాత్రం బిగువులో ఉన్న చోట ప్లాస్టిక్ పగుళ్ళు తీస్తుంది. ఫెయిరింగ్ బోల్టులకు నైలాన్ లాక్ నట్లు వేయించుకోండి. విండ్‌షీల్డ్‌ని పెట్రోల్‌తోనూ, అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తోనూ తుడవకండి. మబ్బు పట్టినట్టు అయిపోతుంది. సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు.

హాలోజన్ బల్బు ఉంటే దాని వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడకుండా గాలి ఆడే సందు ఉందో లేదో చూడండి. రాత్రి గోడ ఎదురుగా నిలిపి లైటు ఎత్తు సరిచేయించండి. ఆయిల్ కూలర్ ఉన్న బండి అయితే దానికి గాలి తగలాలి, అడ్డం రాకూడదు.

ఇక వాహన పూజ. మన ఊళ్ళో కొత్త సామాను ఎక్కించి పూజ చేయించకుండా ఎవరమూ రోడ్డెక్కం, అది ఉండాల్సిందే. కానీ నెల నిండని క్లియర్ కోటు మీద తడి పసుపు పెడితే మరక పట్టేస్తుంది. దండ కట్టే సన్న ఇనుప తీగ గాలికి ఊగి గీతలు పెడుతుంది. బొట్టు హ్యాండిల్ క్రోమ్ మీద పెట్టించండి, దండ నూలు దారంతో కట్టించండి, కర్పూర హారతి కొంచెం దూరంగా పట్టమనండి. చెబితే పూజారి గారు కాదనరు.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫెయిరింగ్‌తో పాటు ట్యాంకు రంగు కూడా మారుస్తుంటే ఆర్‌సీలో ఉన్న రంగుకీ బండికీ పొంతన ఉండదు. డబ్బు కట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేయండి. ముందు నంబర్ ప్లేటు, ఇండికేటర్లు ఫెయిరింగ్ వెనక దాగకూడదు.

మొదటి రైడ్లు

బిగించిన సాయంత్రమే కొండకు బయల్దేరవద్దు. మొదటి రోజు బైపాస్‌లో నలభై వేగంలో పది కిలోమీటర్లు. రెండో రోజు చంద్రగిరి దాకా. ఆ తర్వాత రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వైపు, పొద్దున్నే, గాలి తక్కువగా ఉన్నప్పుడు. పక్క నుంచి గాలి కొట్టినప్పుడు, లారీ దాటిపోయినప్పుడు ముందు భాగం ఎలా కదులుతోందో అక్కడే తెలుస్తుంది. ఇంతకుముందు మీ ఛాతీకి తగిలే గాలి ఇప్పుడు ఫెయిరింగ్‌కి, అక్కడి నుంచి హ్యాండిల్‌కి వస్తుంది. హ్యాండిల్ ఊగడం మొదలైతే గట్టిగా బిగబట్టవద్దు, ముందు బ్రేకు పట్టవద్దు. యాక్సిలేటర్ మెల్లగా తగ్గించి, ముందుకు కొంచెం వంగి వేగం తగ్గనివ్వండి. తర్వాత బండి పక్కకు ఆపి కారణం వెతకండి.

ప్రతి బోల్టు తల మీది నుంచి వాషర్ మీదికి మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకోండి. యాభై కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, మొదటిసారి కొండ ఎక్కి దిగాక ఇంకోసారి, అలిపిరి దగ్గర నీడ చూసి ఆపి ఆ గీతలు చూడండి. గీత కలవని బోల్టు వదులైనట్టు. అలెన్ కీ జేబులో ఉంటే అక్కడే రెండు వేళ్ళతో బిగించుకోవచ్చు.