గాలిమరల ప్రాజెక్టు పర్యావరణ ప్రభావం – 4వ పాఠం: చప్పుడు, నీడ

గత పాఠంలో దారులు, పునాదుల తవ్వకం, వంకల నీటి పారుదల చూశాం. అవన్నీ కట్టేటప్పటి తిప్పలు. మర తిరగడం మొదలయ్యాక ఏళ్ల తరబడి ఊరిని వదలనివి రెండు: చప్పుడు, నీడ. ఈ పాఠంలో రెండింటికీ చేతిలెక్క నేర్చుకుందాం. సాఫ్ట్‌వేర్ ఎలాగూ లెక్క వేస్తుంది. దాని జవాబు నమ్మదగిందో కాదో పట్టుకోవాలంటే మాత్రం చేతిలెక్క వచ్చి ఉండాలి.

అనంతపురం జిల్లాలో ఒక ప్రతిపాదన వచ్చిందనుకుందాం. హబ్ (రెక్కలు కలిసే నడిమి భాగం) ఎత్తు 120 మీటర్లు, రోటర్ (రెక్కలు తిరిగే చక్రం) వ్యాసం 120 మీటర్లు. అంటే రెక్క కొస నేలకు 60 మీటర్ల దాకా దిగుతుంది, 180 మీటర్ల దాకా లేస్తుంది. నిమిషానికి 12 చుట్లు తిరిగితే ఆ కొస వేగం సెకనుకు 75 మీటర్లు, గంటకు దాదాపు 270 కిలోమీటర్లు. చప్పుడు ఎక్కువగా పుట్టేది అక్కడే, రెక్క బయటి భాగంలో. గేర్‌బాక్స్ నుంచి వచ్చేది కొత్త మరల్లో తక్కువ.

హద్దులు ముందు రాసుకోండి. ముందస్తు పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టులు చెప్పే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని తెల్ల వర్గంలో, అంటే కాలుష్యం దాదాపు లేని పరిశ్రమల్లో, పెట్టింది. అందుకే ఇలాంటి నివేదిక కావాలని ఎక్కువగా పట్టుబట్టేది అప్పిచ్చే సంస్థలు. శబ్ద కాలుష్య నియమాలు మాత్రం ఈ మరలకూ వర్తిస్తాయి. 2000 నాటి ఆ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 మార్గదర్శకాల్లో ఇళ్లకు 500 మీటర్ల దూరం ఉంచాలంది. చాలా నివేదికలు ఈ 500 దగ్గరే ఆగిపోతాయి. అది ఎందుకు చాలదో కింద లెక్కే చెబుతుంది.

ఇళ్ల జాబితా

ప్రతి మర చుట్టూ 2 కిలోమీటర్ల వలయం గీసి, లోపలున్న ప్రతి ఇంటికీ జీపీఎస్ గుర్తు తీసుకోండి. ఎక్కువ తప్పులు జరిగేది ఈ పనిలోనే. దూరాన్ని ఊరి నడిబొడ్డు నుంచి కొలిచేస్తారు. ఊరి అంచున, చాలాచోట్ల మర వైపే, ఉండే ఎస్సీ కాలనీ లెక్కలోకి రాదు. బోరు దగ్గర కట్టుకున్న తోట ఇళ్లు పాత ఉపగ్రహ చిత్రంలో కనబడవు. కాబట్టి నడిచి చూడాల్సిందే. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం విడిగా రాయండి. గొర్రెల మంద తోలే చోట కాపరులు రాత్రిళ్లు పడుకుంటారు, దాన్నీ రాయండి. ఎండాకాలం జనం మిద్దెల మీద పడుకునే ఊళ్లలో "ఇంటి గోడ 10 డెసిబెళ్లు తగ్గిస్తుంది" అనే వాదన చెల్లదు. గోడ వాళ్లకూ మరకూ మధ్యన లేదు, కిందే ఉండిపోయింది.

చప్పుడు లెక్క

మర తయారీదారు ఇచ్చే ధ్వని శక్తి స్థాయి, అంటే మర పుట్టించే మొత్తం చప్పుడు, 106 డెసిబెళ్లు అనుకుందాం. ఇంటి దగ్గర వినబడేది:

106 − (20 × లాగ్ దూరం) − 8 − (0.005 × దూరం)

దూరం మీటర్లలో, లాగ్ పది ఆధారంగా. చివరి పదం గాలి పీల్చుకునే చప్పుడు. 500 మీటర్లకు 20 లాగ్ విలువ 54. జవాబు 106 − 54 − 8 − 2.5 = 41.5. రాత్రి హద్దు 45 కదా, ఇంకేం అనుకుంటారు. కానీ ఏ ప్రాజెక్టులోనూ మర ఒక్కటే ఉండదు.

ఒక ఇంటికి 500, 650, 900, 1100 మీటర్ల దూరాల్లో నాలుగు మరలున్నాయనుకోండి. విడివిడిగా 41.5, 38.5, 34.4, 31.7 వస్తాయి. డెసిబెళ్లను మామూలు అంకెల్లా కూడకూడదు. ఒక్కొక్కదాన్ని 10తో భాగించి, 10ని ఆ ఘాతానికి పెంచి, నాలుగింటినీ కూడి, మొత్తానికి లాగ్ తీసి 10తో గుణించాలి. వచ్చేది 44. తయారీదారు కొలతలో అనిశ్చితి కింద 2 కలపాలి. 46 అయింది, హద్దు దాటింది. అయినా 500 మీటర్ల నియమం ఎక్కడా తప్పలేదు చూడండి. పక్క కంపెనీవి అదే గుట్ట మీద ముందే తిరుగుతుంటే వాటినీ ఈ మొత్తంలో చేర్చాలి.

సాఫ్ట్‌వేర్ వాడే ఐఎస్ఓ 9613 (చప్పుడు దూరంతో ఎంత తగ్గుతుందో కట్టే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో నేల గుణకం ఒకటుంటుంది: 0 అంటే గట్టి నేల, 1 అంటే మెత్తటి నేల. 1 పెడితే జవాబు తగ్గుతుంది కాబట్టి కొందరు నిశ్శబ్దంగా 1 పెట్టేస్తారు. బ్రిటన్‌లో పాటించే జాగ్రత్త 0.5, వినేవారి ఎత్తు 4 మీటర్లు. మిద్దె మీది పడకకు ఆ ఎత్తు సరిగ్గా సరిపోతుంది. నివేదిక చేతికొస్తే ముందు ఈ రెండు అంకెలే వెతకండి.

మరలు రాకముందు ఊరి చప్పుడు

మొదటి తరగతి సౌండ్ మీటరు వాడండి. మైకు నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తున, గోడలకు కనీసం 3.5 మీటర్ల ఎడంగా ఉండాలి. ముందూ తర్వాతా 94 డెసిబెళ్ల క్యాలిబ్రేటరుతో సరిచూడండి. తేడా 0.5 దాటితే ఆ విడత కొలతలు వదిలేయడమే మేలు. పది నిమిషాలకో రీడింగు, కనీసం రెండు వారాలు. సగటు కాకుండా ఎల్ఏ90 తీసుకోండి, అంటే ఆ పది నిమిషాల్లో 90 శాతం సేపు చప్పుడు ఏ స్థాయికి పైన ఉందో ఆ స్థాయి. ఒక ట్రాక్టరు పోయినా, కుక్క మొరిగినా అది చెడదు.

ప్రతి రీడింగునూ గాలి కొలిచే స్తంభం లెక్కతో జతచేయాలి. ఇక్కడ గడియారం దెబ్బ తీస్తుంది. స్తంభం లాగర్ (రీడింగులు నమోదు చేసే పెట్టె) తరచు గ్రీనిచ్ సమయంలో ఉంటుంది, మీటరు మన సమయంలో. ఐదున్నర గంటల తేడాతో జతకడితే రాత్రి చప్పుడు ఉదయం గాలికి అంటుకుంటుంది, గ్రాఫు మాత్రం చూడ్డానికి బాగానే ఉంటుంది.

గాలి వేగాన్ని హబ్ ఎత్తులోనే తీసుకోండి. రాత్రి నేల చల్లబడగానే కింద గాలి పడిపోతుంది, 120 మీటర్ల పైన వీస్తూనే ఉంటుంది. వేపాకు కదలదు, మర మాత్రం నిండుగా తిరుగుతుంది. చప్పుడును కప్పిపుచ్చే ఆకుల గలగల కూడా ఉండదు. ఫిర్యాదులు ఎక్కువగా ఇలాంటి రాత్రుల నుంచే వస్తాయి.

కాలం మరో సంగతి. రాయలసీమలో మరలు బాగా తిరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పడమటి గాలికి. జనవరిలో రెండు రోజులు కొలిచి తెచ్చిన అంకె ఆ కాలానికి పనికిరాదు. వానాకాలంలో కొలిస్తే వాన పడిన పది నిమిషాలు తీసేయాలి. కీచురాళ్లు, కప్పలు మొత్తాన్ని పైకి లాగి ఊరు సహజంగానే గోలగా ఉందన్న భ్రమ కలిగిస్తాయి. మూడోవంతు ఆక్టేవ్ వివరాలు, అంటే చప్పుడును పౌనఃపున్యాల వారీగా విడదీసిన లెక్క, నమోదు చేసి ఉంటే కీచురాళ్ల పై పౌనఃపున్యాలను తర్వాత తీసేయొచ్చు. బోరు మోటార్లు నడిచిన గంటలు రైతుల్ని అడిగి రాసుకోండి.

నీడ

ఎండలో తిరిగే రెక్క నీడ కిటికీ మీదుగా పోతుంటే ఇంట్లో వెలుగు ఆరి వెలుగుతున్నట్టు ఉంటుంది. మూడు రెక్కలు, 12 చుట్లు: నిమిషానికి 36 సార్లు, సెకనుకు 0.6. మూర్ఛ భయం సెకనుకు దాదాపు 3 సార్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి అది ఇక్కడ లేదు. ఉన్నది చిరాకు. ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 2015 మార్గదర్శకాల్లో హద్దు ఏడాదికి 30 గంటలు, ఏ రోజైనా 30 నిమిషాలు. ఇది ప్రతిరోజూ ఎండ కాస్తుందని, మర ఆగకుండా తిరుగుతుందని పట్టే గరిష్ఠ లెక్క.

అనంతపురం అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు. ఉదయించే దిక్కు ఏడాదంతా తూర్పుకు అటూ ఇటూ 25 డిగ్రీలు దాటదు. కాబట్టి మరకు తూర్పు, పడమర ఇళ్లే చూడాలి. ఉత్తర, దక్షిణాల వాటికి ఈ బాధ దాదాపు లేదు. యూరప్ నివేదికల్లోని నీడ పటాన్ని ఇక్కడ అతికించడం కుదరదు.

మరకు సరిగ్గా 600 మీటర్ల పడమర ఇల్లుందనుకోండి. అక్కణ్ణుంచి రోటర్ కింది కొస 5.7 డిగ్రీల ఎత్తున, పై కొస 16.7 డిగ్రీల ఎత్తున కనబడుతుంది. సూర్యుడు గంటకు 14.5 డిగ్రీలు ఎక్కుతాడు. 11 డిగ్రీలు దాటడానికి 45 నిమిషాలు. రోజు హద్దు దాటింది. అడ్డంగా రోటర్ దాదాపు 11.4 డిగ్రీల వెడల్పు. ఉదయం సూర్యుడి దిక్కు రోజుకు 0.4 డిగ్రీ జరుగుతుంది కాబట్టి మార్చి ఆఖరున, సెప్టెంబరు మధ్యన ఒక్కో విడత 28 రోజులు. రోటర్ గుండ్రం కనుక రోజు సగటు 35 నిమిషాలు. మొత్తం 33 గంటలు. సెప్టెంబరులో గాలి పడమటిది, రోటర్ పడమటికే తిరిగి ఉంటుంది. ఉదయపు ఎండకు పూర్తి వెడల్పుతో అడ్డం నిలుస్తుంది. మబ్బులు పట్టిన రోజులు తీసేస్తే అసలు గంటలు తగ్గుతాయి, రోజు హద్దు మాత్రం అలాగే దాటుతుంది.

ఏం చేయించాలి

నీడకు సులువు మార్గం ఆ నిమిషాల్లో మరను ఆపడం. ఎండ సెన్సరు, సమయ పట్టిక చాలు. 33 గంటలంటే ఏడాదిలో 0.4 శాతం, కంపెనీకి పెద్ద నష్టం కాదు. చప్పుడుకు రెక్క వెనక అంచున రంపపు పళ్లు బిగిస్తే 2, 3 డెసిబెళ్లు తగ్గొచ్చు. రాత్రి తక్కువ చప్పుడు పద్ధతిలో నడపొచ్చు కానీ కరెంటు తగ్గుతుంది, అందుకే ఒప్పంద పత్రంలో గంటలతో సహా రాయించకపోతే అది అమలు కాదు. అన్నిటికంటే గట్టిది పునాది వేయకముందే మర చోటు మార్చడం.

అభ్యాసం

పై ఉదాహరణలో 500 మీటర్ల మరను 650 మీటర్లకు జరపండి, మిగిలినవి అలాగే ఉంచండి. మొత్తం 42.6 రావాలి, అనిశ్చితి కలిపితే 44.6. తర్వాత పడమటి ఇంటిని 1200 మీటర్లకు జరిపి రోజు నీడ నిమిషాలు కట్టండి. 23 దగ్గర రాకపోతే కోణాలు మళ్లీ చూసుకోండి. వచ్చే పాఠం పక్షులు: రోళ్లపాడు గడ్డిమైదానంలో చలికాలం గడిపే పిల్లిగద్దలతో మొదలుపెడదాం.