స్టేషన్‌కి బైకు మానేయాలంటే

మాది పాలకొల్లు పక్క ఊరు, ఉద్యోగం భీమవరంలో. రైల్వే స్టేషన్‌కి 3 కిలోమీటర్లు. బైకు అమ్మలేదు గానీ, ఇప్పుడు సైకిలే.

ముందు ఒక ఆదివారం దారంతా తొక్కి టైం చూసుకోండి. కాలవగట్టు మీదుగా నాకు 18 నిమిషాలు. గేదెలు అడ్డొస్తే 22. నెల సీజన్ టికెట్ తీసుకుంటే కౌంటర్ దగ్గర క్యూ టెన్షన్ ఉండదు. ప్యాంటు కుడికాలికి రబ్బరు బ్యాండు, సైకిల్ సీటుకి పాలిథిన్ కవరు తప్పనిసరి. కవరు మర్చిపోయిన రోజు తడి ప్యాంటుతో రైల్లో వీరవాసరం దాటేదాకా నిలబడే ఉన్నాను.

ముసురు పడితే షేర్ ఆటోయే. నిండేదాకా కదలదు, పావుగంట ముందే బయల్దేరండి.

భీమవరంలో టౌన్, జంక్షన్ రెండు స్టేషన్లున్నాయి. ఆఫీసుకి ఏది దగ్గరైతే అక్కడ దిగండి, మిగతాది నడకే.