హాట్ యోగా మానేసి మళ్లీ మొదలుపెట్టేవారికి: ముందు వేడి, తర్వాతే కష్టమైన ఆసనాలు

హాట్ యోగా అంటే బాగా వేడెక్కించిన గదిలో చేసే యోగా. నెలల తరబడి మానేసినా ఆసనాలు ఒంటికి చాలావరకు గుర్తుంటాయి. వేడికి ఉన్న అలవాటు మాత్రం నెల తిరిగేసరికి దాదాపు పోతుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. మనసు పాత క్లాసు చేయించాలని చూస్తుంది, గుండె దానికి సిద్ధంగా ఉండదు. వేడికి అలవాటు పడిన ఒంటికి చెమట త్వరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువ పోతుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది. రోజూ వేడిలో శ్రమిస్తేనే ఇదంతా తిరిగి రావడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. వారానికి మూడు క్లాసులైతే ఇంకా ఎక్కువ.

అందుకని మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు వెళ్లండి. గది 40 డిగ్రీల దగ్గర ఉండే 90 నిమిషాల క్లాసులో ఒక్కో ఆసనం రెండేసి సార్లు చేయిస్తారు. మీరు మొదటిసారే చేయండి, రెండోసారి కూర్చుని ముక్కుతో ఊపిరి తీసుకోండి. నోటితో రొప్పుతున్నారంటే శ్రుతి మించినట్టే. మూడో వారం నుంచి నిలబడి చేసేవి రెండుసార్లూ చేయొచ్చు. తలుపుకి దగ్గరగా, హీటరుకి దూరంగా చాప వేసుకోండి.

తిండికీ క్లాసుకీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలి. రెండు గంటల ముందు అర లీటరు నీళ్లు తాగండి. ఎంత చెమట పోయిందో తేల్చడానికి ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోవడమే మంచి దారి. కిలో తగ్గితే దాదాపు లీటరు పోయినట్టు. దానికి ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు, మూడు నాలుగు గంటల్లో కొంచెం కొంచెంగా తాగండి. ఒక్కసారిగా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తిండిలో ఉప్పు ఉండాలి, లేదా ఓఆర్ఎస్ తాగాలి.

తలనొప్పి, వికారం, ఆ వేడిలో చలి వేసినట్టు రోమాలు నిక్కబొడుచుకోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా గది బయటికి వచ్చేయండి. గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మేలు. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడేవారు ముందు డాక్టరుని అడగాలి.

ఇక కష్టమైన ఆసనాలు. వేడిలో కండరం మెత్తబడుతుంది, లాగుతున్న బాధ కూడా సరిగా తెలియదు. తొడ వెనక కండరం పైన, కూర్చునే ఎముకకి అతుక్కునే చోట సూదితో పొడిచినట్టు అనిపిస్తే వెంటనే మోకాలు వంచి వెనక్కి రండి. ఆ చోట చిరిగితే మానడానికి నెలలు పడుతుంది. కండరం మధ్యలో లాగినట్టు ఉంటే పరవాలేదు. మామూలు గదిలో ఎంత వంగగలరో చూసుకుని, వేడి గదిలో దానికంటే కొద్దిగానే ఎక్కువ వంగండి.

దండాయమాన జానుశీర్షాసనం తీసుకోండి. ఒంటికాలి మీద నిలబడి, ముందుకి చాపిన రెండో కాలి మోకాలికి తల ఆనించే ఆసనం ఇది. చాలామంది తల మోకాలికి ఆనించాలని తొందరపడతారు. అది చివరి మెట్టు. మొదటి పని నిలబడిన కాలిది. తొడ ముందు కండరం బిగించి మోకాలి చిప్పని పైకి లాగండి. చిప్ప లేవకుండా మోకాలు వెనక్కి తోసుకుపోతే బరువంతా కీలు వెనక ఎముకలని కట్టి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. అలా అవుతోందంటే బరువు మడమ మీదే ఉందని అర్థం. బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలని సమానంగా నొక్కాలి. తర్వాత రెండో కాలు ఎత్తి, రెండు చేతుల వేళ్లూ పెనవేసి పాదం కిందుగా పట్టుకోండి. చెమటకి జారిపోతుంటే చేతికీ పాదానికీ మధ్య చిన్న తువ్వాలు పెట్టండి. ఇలా 60 సెకన్లు చిప్ప సడలకుండా నిలవగలిగిన రోజునే ఎత్తిన కాలు ముందుకి చాపాలి. ఆ కాలు నేలకి సమాంతరంగా, మోకాలు వంగకుండా వచ్చాకే మోచేతులు పిక్క పక్కలకి దించాలి. ఆ తర్వాతే తల. మధ్యలో చిప్ప జారితే ఒక మెట్టు కిందికి దిగండి. మొదటి మెట్టు మీదే రెండు నెలలు గడిచినా అది ఆసనం చేసినట్టే.

ఉష్ట్రాసనంలో, అంటే మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వాలి మడమలు పట్టుకునే ఆసనంలో, పట్టు తప్పేది పైకి లేచేటప్పుడు. వెనక్కి వాలేటప్పుడు తొడలు నేలకి నిలువుగా ఉండాలి, రొమ్ము పైకి లేవాలి. లేకపోతే నడుం ఒక్క చోటే మడత పడుతుంది. లేచేటప్పుడు ఒక్కో చెయ్యి నడుం మీదికి తెచ్చి, ముందు రొమ్ము, చివర తల ఎత్తండి. ఊపిరి బిగబట్టి గభాలున లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి. వెంటనే పడుకుని తల తిరగడం ఆగేదాకా కదలకండి. రెండోసారి చేతులు మడమల దాకా పోనివ్వక నడుం మీదే ఉంచండి.