ఇంటి దగ్గరే కోడింగ్ పోటీలు – 4వ పాఠం: కాంటెస్ట్ పోయిన మర్నాడు

కాంటెస్ట్ పోయిన రాత్రి ఈ పాఠం చదవద్దు. తెల్లారనివ్వండి. ఆ రాత్రికి చేయాల్సిన పని ఒక్కటే ఉంది, అన్నం తినడం. ఇదేం సలహా అని నవ్వుకుంటారేమో. కోడ్‌ఫోర్సెస్ అనే సైటులో పోటీలు (రౌండ్లు) ఎక్కువగా మన టైము ప్రకారం రాత్రి 8:05కి మొదలై పది దాటాక ముగుస్తాయి. అప్పటికి హాస్టల్లో మెస్ కట్టేసి ఉంటారు. ఖాళీ కడుపుతో కూర్చుని "రాంగ్ ఆన్సర్ ఆన్ ప్రీటెస్ట్ 2" (రెండో పరీక్షలోనే మీ కోడ్ తప్పు జవాబిచ్చింది) అన్న లైను చూస్తుంటే ఎంతటివాడికైనా తన చదువంతా దండగ అనిపిస్తుంది. అందుకే కాంటెస్ట్ ఉన్న రోజు ఏడున్నరకే తినేయండి. కుదరకపోతే గదిలో నాలుగు అరటిపళ్ళు పెట్టుకోండి. రావులపాలెం పక్కనే పెట్టుకుని అరటిపండుకి కరువేముంది?

ఆ రాత్రి చేయకూడని పని కూడా ఒకటుంది. కసి మీద వెంటనే ఇంకో సైటు తెరిచి, ఇంకో కాంటెస్ట్ రాయడం. తల పనిచేయని టైములో రాసిన రెండోదీ పోతుంది. మర్నాటికి విప్పి చూసుకోవాల్సినవి రెండవుతాయి, ఓపిక మాత్రం సగమే మిగులుతుంది.

కిందటి పాఠంలో కన్‌స్ట్రెయింట్లు (లెక్కలో ఇచ్చే సంఖ్యల హద్దులు) చూసి వేగం అంచనా కట్టడం నేర్చుకున్నాం. ఎన్ రెండు లక్షలున్నప్పుడు లూపులో లూపు పెడితే నాలుగు వేల కోట్ల పనులవుతాయనీ, సెకనుకి పది కోట్లు అనే ఉజ్జాయింపుతో 400 సెకన్లు పడుతుందనీ లెక్క వేశాం. ఈ పాఠంలో కొత్త అల్గారిదం ఏమీ లేదు. పోయిన కాంటెస్ట్‌ని విప్పి చూడటమే పాఠం. దిగులు తగ్గించుకోవడానికి ధైర్యవచనాల కన్నా ఇదే బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

ముందు రేటింగ్ సంగతి

అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునేది రేటింగ్ (మీ సత్తాకి సైటు ఇచ్చే అంకె) తగ్గడం. అది ఎలా తగ్గుతుందో తెలిస్తే సగం నొప్పి పోతుంది.

ఈ లెక్కకి మూలం చెస్. అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ కట్టిన పద్ధతిని 1960లో అమెరికా చెస్ సమాఖ్య, 1970లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫీడే తీసుకున్నాయి. కోడ్‌ఫోర్సెస్ లెక్క కూడా దాదాపు అదే దారి. మీకూ ఇంకొకరికీ రేటింగులో ఉన్న తేడాని బట్టి, మీలో ఎవరు ముందుంటారన్న అవకాశాన్ని అంచనా వేస్తుంది. మీకన్నా 200 తక్కువ ఉన్నవాడు మిమ్మల్ని దాటే అవకాశం ఇంచుమించు నాలుగింట ఒకటి. 400 తక్కువ ఉన్నవాడికి కూడా పదకొండింట ఒకటి ఉంది. రౌండులో వేలమంది ఉంటారు. అందరితో ఇలా లెక్క కట్టి మీకు రావాల్సిన ర్యాంకు ఒకటి తేలుస్తుంది. మీకు వచ్చిన ర్యాంకు దానికన్నా వెనక ఉంటే రేటింగ్ తగ్గుతుంది, ముందుంటే పెరుగుతుంది.

అంటే మీ రేటింగ్ మీ సత్తాకి సరిగ్గా సరిపోయి ఉన్నప్పుడు, సుమారు సగం కాంటెస్టుల్లో అది తగ్గాలి. తగ్గకుండా పైకే పోతోందంటే, అది ఇంకా మీ అసలు స్థాయిని అందుకోలేదన్నమాట. నిన్నగాక మొన్న మొదలుపెట్టిన జూనియర్ ఒకసారి మీ పైకి వెళ్ళాడంటే, ఆ పదకొండింట ఒకటి ఆ రోజు వాడికి పడింది, అంతే.

కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. కోడ్‌ఫోర్సెస్‌లో కొత్త ఐడీ సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి ఆరు కాంటెస్టుల్లో మామూలు లెక్క మీద 500, 350, 250, 150, 100, 50 చొప్పున అదనంగా కలుపుతారు. మొత్తం 1400. కాబట్టి మొదట్లో ఎలా రాసినా అంకె పెరుగుతున్నట్టే కనబడుతుంది. ఏడో కాంటెస్ట్ నుంచి ఆ కలుపుడు ఉండదు. చాలామంది "మొదట్లో బాగానే రాశానండీ, ఈ మధ్యే పాడైపోయాను" అని వచ్చేది సరిగ్గా ఆ టైములోనే. పాడయిందేమీ లేదు, అరువు అయిపోయింది.

చెస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మన పక్క కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. ఆ టోర్నీలో మొదటి రౌండే ఓడిపోయారు. చివరికి 11 రౌండ్లలో 8.5 పాయింట్లు.

లాగ్ తెరవండి

ఇప్పుడు అసలు పని. కాంటెస్ట్ పోయినవాళ్ళని ఎందుకు పోయిందని అడగండి, ఎవరైనా ఏదో ఒక టాపిక్ పేరే చెబుతారు. "నాకు డీపీ రాదు", "గ్రాఫులు రావు" అంటారు. వెంటనే నమ్మకండి. మనసు చెప్పే కారణం వేరు, సబ్మిషన్ల లాగ్ (ఏ కోడ్ ఏ టైముకి పంపారో, ఏమైందో చూపే పేజీ) చెప్పేది వేరు.

పాలకొల్లు నుంచి రోజూ బస్సులో భీమవరం కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి, సెకండియర్, "నాకు గ్రీడీ రాదండీ, ఇంక వదిలేద్దామనుకుంటున్నాను" అంది. గ్రీడీ అంటే ప్రతి అడుగులో అప్పటికి మేలైనదాన్నే ఎంచుకుంటూ పోయే పద్ధతి. లాగ్ తెరవమన్నాను. ఆ పేజీలో ఉన్నది ఇదీ (ఏ, బి, సి ఆ కాంటెస్ట్‌లోని లెక్కలు):

ఏ – 8:14కి ఆక్సెప్టెడ్.
బి – 8:31 రాంగ్. 8:33 రాంగ్. 8:34 రాంగ్. 8:36 రాంగ్. 8:41 రాంగ్. 8:43 రాంగ్. 9:27కి ఆక్సెప్టెడ్.
సి – ఒక్క సబ్మిషన్ కూడా లేదు.

మీరైతే ఇక్కడ ఏం చూస్తారు? మామూలుగా అందరి కళ్ళూ ఆ "రాంగ్" మాట మీదే పడతాయి. నేను చూడమనేది టైముల మధ్య ఖాళీలు. 8:33కీ 8:34కీ మధ్య ఒక్క నిమిషం. నిమిషంలో ఎవరూ ఆలోచించలేరు. ఒక్కో సబ్మిషన్ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో "తక్కువ" గుర్తుకి "సమానం" తగిలించింది, ఇంకోదాంట్లో లూపు సున్నాకి బదులు ఒకటి నుంచి మొదలెట్టింది, మరోదాంట్లో సార్టింగ్ తిరగేసింది. అంటే చీకట్లో రాళ్ళేస్తోంది. ఒక్కో రాంగ్‌కి 50 మార్కుల చొప్పున 300 అక్కడే పోయాయి. బి మార్కులు నిమిష నిమిషానికి తరిగిపోవడం వేరే.

9:27కి ఏం మార్చింది? సంఖ్యని దాచే ఇంట్‌ అనే రకాన్ని, ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ చేసింది, అంతే.

ఆ లెక్కలో ఒక్కో సంఖ్య వంద కోట్ల దాకా ఉండొచ్చు. ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647, అంటే 214 కోట్ల చిల్లర. వంద కోట్లవి మూడు కలిపితే మూడు వందల కోట్లు రావాలి. ఇంట్‌లో మామూలుగా కనబడేది మైనస్ 1,29,49,67,296. శాంపిల్ టెస్టులో చిన్న సంఖ్యలే ఉన్నాయి కాబట్టి అక్కడ అంతా బాగానే ఉంది.

ఇప్పుడు 8:31 నాటి మొదటి కోడ్ మళ్ళీ చూడండి. అందులో గ్రీడీ ఆలోచన పూర్తిగా సరైనదే! మొదటిసారికే కుదిరింది. "గ్రీడీ రాదు" అని ఏ లెక్క గురించి ఏడ్చిందో, ఆ లెక్కలోనే గ్రీడీ చక్కగా వచ్చింది. సి సంగతి కూడా అంతే. రాలేదని కాదు, ప్రశ్న చదవడానికే టైము మిగల్లేదు. మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుంటే అరగంటలో అయిపోయింది.

లాగ్ చూడకుండా ఉంటే ఆ అమ్మాయి వారమంతా గ్రీడీ లెక్కలు చేసుకుంటూ కూర్చునేది. వచ్చే కాంటెస్ట్‌లో మళ్ళీ ఇంట్ దగ్గరే ఇరుక్కునేది.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, పేజీని నిలువుగా నాలుగు గళ్ళు చేయండి. టైము, ఏం చేశాను, అప్పుడు ఏం అనుకున్నాను, ఏం చూసి ఉండాల్సింది. మూడో గడి మర్నాడే రాయాలి, రెండ్రోజులైతే గుర్తుండదు. "కంగారుగా ఉంది, ఫ్రెండ్ సి చేసేశాడని స్టాండింగ్స్‌లో చూశాను" లాంటివి కూడా రాయండి. అలాంటి లైన్లే ఎక్కువ పనికొస్తాయి. నాలుగో గడిలో "జాగ్రత్తగా ఉండాలి" అని రాయొద్దు, దానివల్ల ఉపయోగం లేదు. చేతితో చేయగలిగే పని రాయండి. ఆ అమ్మాయి రాసుకున్నవి రెండు. మొత్తం కట్టే ప్రతి వేరియబుల్ దగ్గరా పెద్ద విలువలు కాగితం మీద గుణించి చూడాలి. రాంగ్ వచ్చాక ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి చదవకుండా సబ్మిట్ బటన్ జోలికి పోకూడదు.

కొన్ని కాంటెస్టులు కరెంటు పోయో, వానకి నెట్ పడిపోయో పోతాయి. వాటికి ఒక లైను చాలు. పైనున్నవాళ్ళు టెలిగ్రామ్‌లో జవాబులు కొనుక్కున్నారన్న కోపం కూడా అప్పుడప్పుడూ న్యాయమైనదే, కానీ దానికి ఈ నోట్‌బుక్‌లో గడి లేదు.

పోవడాల్లో ఒకటి ప్రత్యేకంగా బాధపెడుతుంది. రాత్రి ప్రీటెస్టులు అన్నీ దాటి, సంతోషంగా పడుకుని, పొద్దున్న చూస్తే సిస్టమ్ టెస్టుల్లో ఎగిరిపోవడం. ప్రీటెస్టులు అసలు టెస్టుల్లో కొన్ని మాత్రమే. ఇలాంటప్పుడు ఏ టెస్టులో పోయిందో తెరిచి చూడండి. చాలాసార్లు అది ఎన్ ఒకటే ఉన్నదో, అన్నీ సమానమైనదో, అన్నీ పెద్దవైనదో అయి ఉంటుంది. ఈ మూడూ సబ్మిట్ చేసే ముందు చేత్తో వేసి చూసుకునేవే.

ఎడిటోరియల్ ఎప్పుడు తెరవాలి

ఎడిటోరియల్ అంటే కాంటెస్ట్ అయ్యాక పెట్టే జవాబుల వివరణ. ముందు మీరు చేసిన చివరి లెక్క తర్వాతది ఒక్కటే తీసుకోండి. బి దాకా చేస్తే సి, అంతే. ఎఫ్ జోలికి పోవద్దు, అది మీ కోసం పెట్టింది కాదు. ముప్పావుగంట సొంతంగా కుస్తీ పట్టండి. రాకపోతే ఎడిటోరియల్‌లో మొదటి పేరా మాత్రం చదివి మూసేసి, మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే పూర్తిగా చదివి, మూసేసి, చూడకుండా రాయండి. చూస్తూ టైప్ చేసిన కోడ్ వారం తర్వాత గుర్తుండదు.

వరసగా మూడు నాలుగు పోయి, రిజిస్టర్ బటన్ చూస్తేనే కడుపులో తిప్పుతుంటే, రెండు వారాలు రేటెడ్ రౌండ్లు ఆపేయండి. ఇది ఓడిపోవడం కాదు. ఏటా వేసవిలో డెల్టా కాలువలు కట్టేసేది పూడిక తీయడానికేగా. ఆ రెండు వారాలూ పాత రౌండ్లు వర్చువల్‌గా రాయండి. అదే గడియారం, అవే లెక్కలు, రేటింగ్ మాత్రం కదలదు.

ఇంట్లో, టీములో

మన వైపు ర్యాంకు అడగకుండా ఊరుకునే ఇల్లు లేదు. ఆ పాలకొల్లు అమ్మాయి ఇంట్లో జరిగింది వినండి.

"ఎన్నోదొచ్చిందమ్మా?" అన్నారట వాళ్ళ నాన్న, చెరువు దగ్గర్నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ.

"ఆరు వేల చిల్లర నాన్నా."

"ఆరు వేలా! మంచి ర్యాంకేగా మరి, ఏడుపెందుకు?"

ఆయన కొలత ఎంసెట్ నాటిది. ఆ కొలతకి ఆరు వేలంటే మిఠాయి పంచాల్సిందే. ఆ అమ్మాయి సరిదిద్దలేదు, సరిదిద్దక్కర్లేదు కూడా. అడిగితే "ఇది వారం వారం ఉండేదే నాన్నా, మళ్ళీ ఉంది" అంటే చాలు.

ఐసీపీసీ (కాలేజీ టీములకి జరిగే అంతర్జాతీయ కోడింగ్ పోటీ) లాంటి టీమ్ పోటీలో దిగులు ఇంకో రకం. ముగ్గురికి ఒకే కంప్యూటర్, ఐదు గంటలు, చేసిన లెక్కలో ప్రతి తప్పు సబ్మిషన్‌కీ 20 నిమిషాల పెనాల్టీ. ఆ 20 నిమిషాలు ఎవరి వల్ల అన్న తగువు తిరుగు రైల్లోనే మొదలవుతుంది. తాడేపల్లిగూడెంలో దిగేదాకా లెక్కల మాటే ఎత్తకూడదని ముగ్గురూ వెళ్ళేటప్పుడే ఒప్పందం చేసుకోండి. మర్నాడు లాగ్ ముగ్గురూ కలిసి చదవండి, నాలుగు గళ్ళూ ఒకే నోట్‌బుక్‌లో.

ఈ పద్ధతులన్నీ మామూలు దిగులుకే. వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది కాంటెస్ట్ సంగతి కాదు. ఆ రోజే ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ వారం అభ్యాసం

మీకు బాగా బాధ కలిగించిన ఒక పాత కాంటెస్ట్ లాగ్ తెరిచి, నాలుగు గళ్ళలో ఎక్కించండి. రెండు రాంగుల మధ్య అన్నిటికన్నా తక్కువ ఖాళీ ఎక్కడుందో గుర్తు పెట్టి, ఆ రెండు కోడ్‌లూ పక్కపక్కన పెట్టి తేడా ఏమిటో ఒక లైనులో రాయండి. తర్వాత ఏమీ సబ్మిట్ చేయకుండా ఎక్కువసేపు గడిచిన చోటు వెతకండి. ఆ టైమంతా ఏం చేశారో గుర్తు రాకపోతే "గుర్తు లేదు" అనే రాయండి.

వచ్చే పాఠంలో తప్పు ఎక్కడుందో కంప్యూటర్ చేతే వెతికించడం నేర్చుకుందాం. నిదానంగానైనా సరైన జవాబిచ్చే కోడ్ ఒకటి, మీ కోడ్ ఒకటి, యాదృచ్ఛికంగా చిన్న చిన్న టెస్టులు పుట్టించేది ఒకటి. దానికి మీ సొంత రాంగ్ కోడ్ ఒకటి కావాలి. లాగ్‌లోంచి తీసి ఫైలులో పెట్టి ఉంచండి, సరిచేయకండి.