పేట బాగుపడాలి, పేటవాళ్లు అక్కడే ఉండాలి

పాడుబడ్డ ఇళ్లు, ఖాళీ స్థలాల్లో చెత్తకుప్పలు, వెలగని వీధిదీపాలు, పనిలేక గోడల మీద కూర్చున్న కుర్రాళ్లు. ఇలా చితికిపోయిన పేటను నిలబెట్టే ప్లాన్ రాయమని మీకు అప్పగించారనుకోండి. అన్నిటికంటే ముందు ఒక కాగితం మీద ఈ ప్రశ్నకు జవాబు రాయండి: పదేళ్ల తర్వాత పేట బాగుపడ్డప్పుడు, ఇవాళ ఇక్కడున్న కుటుంబాల్లో ఎన్ని ఇక్కడే ఉండాలి? ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉంటూ, ఆ సంఖ్య లేకుండా మొదలైన ప్లాన్లు చాలా చూశాను. రోడ్లు వచ్చాయి, ఇళ్లు లేచాయి, మనుషులు మాత్రం మారిపోయారు. కష్టకాలమంతా అక్కడ గడిపినవాళ్లు మంచిరోజులు వచ్చేసరికి లేరు.

అమెరికాలో 1992లో మొదలైన హోప్ సిక్స్ పథకం దీనికి పెద్ద ఉదాహరణ. శిథిలమైన ప్రభుత్వ గృహ సముదాయాలను కూల్చి, వేర్వేరు ఆదాయాలవాళ్లు కలిసి ఉండే కాలనీలు కట్టారు. చాలాచోట్ల చూడముచ్చటగా వచ్చాయి. అయితే కూల్చిన ప్రతి ఇంటికీ బదులు ఇల్లు కట్టాలన్న నిబంధనను 1995లో పక్కన పెట్టేశారు. తిరిగి రావాలంటే కొన్నిచోట్ల కొత్త షరతులు పెట్టారు. పాత అద్దెదారుల్లో చాలామంది వెనక్కి రాలేదు. 2010లో దాని స్థానంలో వచ్చిన చాయిస్ నైబర్‌హుడ్స్ పథకం ఇల్లు, మనుషులు, పరిసరాలు మూడింటికీ కలిపి ఒకే ప్లాన్ అడుగుతుంది. నా పద్ధతి కూడా అదే. ఇళ్ల ప్లాన్ ఒక ఆఫీసులో, ఉపాధి ప్లాన్ ఇంకో ఆఫీసులో తయారైతే రెండూ పనికిరావు.

ముందు నడవండి

పేటంతా మూడు వేళల్లో నడవండి: తెల్లవారుజామున 5 గంటలకు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, రాత్రి 9 దాటాక. పొద్దున ఎవరు పనికి వెళ్తున్నారో, బస్సు కోసం ఎంత దూరం నడుస్తున్నారో తెలుస్తుంది. రాత్రి ఏ మలుపు రాగానే ఆడవాళ్లు రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్తున్నారో చూడండి. ఆ మలుపును మ్యాపులో ఎర్రచుక్కతో గుర్తుపెట్టుకోండి. ఇళ్లను మూడు రకాలుగా రాసుకోండి: చిన్న రిపేరు చాలేవి, పెద్ద రిపేరు కావలసినవి, ఇక బాగుకానివి. మూడో రకం మీరు మొదట అనుకున్నదానికంటే తక్కువగానే తేలుతుంది. ప్రతి ఖాళీ స్థలానికీ యజమాని ఎవరు, పన్ను బకాయి ఎంత అన్నది కూడా ఆ మ్యాపులోనే ఉండాలి.

లోపాలతో పాటు ఉన్నవాటినీ లెక్కపెట్టండి. ఒక పేటలో మా సర్వే ఫారంలో ఒకావిడ పేరు పక్కన ‘నిరుద్యోగి’ అని ఉంది. ఆమె ఇంటికి వెళ్తే కిటికీ పక్కన కుట్టుమిషన్, దాని చుట్టూ స్కూలు బ్యాగుల గుట్ట. తెగిన జిప్పులు మారుస్తోంది, రోజుకు పది పన్నెండు. మధ్యాహ్నం మూడు దాటితే ఆ కిటికీలో వెలుతురు పోతుంది, అక్కడితో పని ఆగిపోతుంది. ఆమెకు మేము ఇవ్వబోయింది ఆరు నెలల టైలరింగ్ ట్రైనింగ్. కావలసింది ఒక మంచి లైటు, రెండో మిషన్, కాస్త స్థలం. ఆ రోజు నుంచి ‘ఉద్యోగం ఉందా?’ అన్న ప్రశ్న మా ఫారంలో లేదు. దాని బదులు ‘పోయిన వారం ఇంట్లోకి డబ్బు ఏయే పనుల వల్ల వచ్చింది?’ అని అడుగుతాం. జవాబులు పూర్తిగా మారిపోయాయి.

ఎవరు నిర్ణయించాలి

కమిటీలో సగానికి పైగా పేటవాళ్లే ఉండాలి, వాళ్లను పేటవాళ్లే ఎన్నుకోవాలి. అమెరికాలోని బోస్టన్‌లో, రాక్స్‌బరీలో 1984లో మొదలైన డడ్లీ స్ట్రీట్ నైబర్‌హుడ్ ఇనిషియేటివ్ అనే పేట సంస్థ ఈ విషయంలో దారి చూపించింది. బయటి సంస్థలవాళ్లు తయారుచేసి తెచ్చిన పాలకమండలి నమూనాను పేటవాళ్లు మీటింగులోనే నిలదీశారు, మెజారిటీ సీట్లు తమకే వచ్చేలా మార్పించారు. పెద్ద ప్లాన్ కోసం ఆగకుండా, తమ ఖాళీ స్థలాల్లో అక్రమంగా చెత్త పోయడం మీద 1986లో ఉద్యమం చేశారు. జనానికి నమ్మకం కుదిరింది. 1988లో పేటలోని ఖాళీ భూములను నిర్బంధంగా సేకరించే అధికారాన్ని బోస్టన్ నగరం ఈ సంస్థకు ఇచ్చింది. మామూలుగా ప్రభుత్వం చేతిలో ఉండే అధికారం అది.

మీరూ మొదటి మూడు నెలల్లో కంటికి కనిపించే పని ఒకటి చేయండి. ఆ ఎర్రచుక్క దగ్గర లైటు వేయించినా చాలు. మీటింగు పెడితే పిల్లల్ని చూసుకునే మనిషిని కూడా పెట్టండి, లేకపోతే తల్లులు రారు. వచ్చినవాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి. కన్సల్టెంటుకు ఇస్తున్నప్పుడు వాళ్లకు ఎందుకు ఇవ్వకూడదు?

ఏ పని ఎవరిదో కూడా ముందే తేల్చుకోవాలి. కరాచీలోని ఒరంగిలో అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన ప్రాజెక్టులో గీత స్పష్టంగా ఉంది: ఇంట్లో మరుగుదొడ్డి, సందులో మురుగు కాలువ సందువాళ్లు సొంత డబ్బుతో కట్టుకుంటారు; పెద్ద కాలువలు, శుద్ధి ప్రభుత్వం పని. ‘జనభాగస్వామ్యం’ పేరుతో పెద్ద పైపుల భారాన్ని పేదవాళ్ల మీదికి నెట్టే ప్లాన్ మీ ముందుకొస్తే ఒప్పుకోకండి.

డబ్బు ఎటు పోతోంది

స్వయం సమృద్ధి అంటే ముందు ఉద్యోగాలు గుర్తొస్తాయి. అంతకంటే ముందు ఒక వారం ఖర్చు చూడండి. ఒక ముప్పై కుటుంబాలకు నోట్‌బుక్కులిచ్చి, ప్రతి ఖర్చూ ఎవరి చేతికి వెళ్లిందో రాయమనండి. బయటెక్కడో ఉండే ఇంటి ఓనరుకు ఎంత, వడ్డీలకు ఎంత, దూరం వెళ్లి కొన్న సరుకులకు ఎంత, రవాణాకు ఎంత. కష్టపడి తెచ్చిన డబ్బు పేటలో ఒక్క పూట కూడా నిలవడం లేదని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూశాను. ఆ లెక్క తర్వాత జరిగే మీటింగు వేరుగా ఉంటుంది. అధిక వడ్డీ అప్పులు తీర్చే పొదుపు సంఘం, అందరూ కలిసి సరుకు తెచ్చుకునే ఏర్పాటు లాంటివి వాళ్లే అడుగుతారు. కొత్త జీతాల కంటే ముందే చేతిలో కాస్త మిగులు కనిపిస్తుంది.

ఇక ఉద్యోగాలు. ఒకసారి ఇరవై ఇద్దరికి గిడ్డంగి పనుల్లో శిక్షణ ఇప్పించాం. అందరూ పాసయ్యారు, అందరికీ ఉద్యోగాలొచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికి ఐదుగురు మిగిలారు. షిఫ్టు పొద్దున 6 గంటలకు. పేటకు మొదటి బస్సు 6:10కి. మొదట్లో ఆటోలకు పెట్టారు, తర్వాత ఆలస్యాలు, తర్వాత తీసేశారు. ఆ బస్సు టైము తెలియనివాళ్లు పేటలో ఎవరూ లేరు. అడగనిది మేమే. అది ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ‘వీళ్లు నిలకడగా పనిచేయరు’ అన్న మచ్చ వాళ్ల మీద పడింది. అందుకని శిక్షణ చివర్న పెట్టుకోండి. ముందు పని ఇచ్చేవాళ్లతో మాట్లాడి ఎన్ని ఖాళీలు, ఏ షిఫ్టు, ఎంత జీతమో రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత బస్సు, తర్వాత పిల్లల సంరక్షణ. ఈ మూడూ కుదిరాకే క్లాసు మొదలుపెట్టండి.

మరో చిక్కు ఉంది, బయటివాళ్లకు కనిపించదు. ఆదాయాన్ని బట్టి అద్దె ఉండేచోట, జీతం పెరిగితే అద్దె కూడా పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వ గృహాల్లో అద్దె సాధారణంగా లెక్కలోకి వచ్చే ఆదాయంలో 30 శాతం. అంటే నెలకు 100 ఎక్కువ సంపాదిస్తే 30 అద్దెకే. దానికి తోడు ఆహార సాయం తగ్గుతుంది, పిల్లల్ని చూసేవాళ్లకు ఇవ్వాలి, రవాణా ఉంది. ఒక్కో కుటుంబంతో కూర్చుని ఈ లెక్క వేయండి: 100 పెరిగితే చేతిలో మిగిలేది ఎంత? 20 మిగిలితే, ఓవర్‌టైమ్ వద్దన్న మనిషిని బద్ధకస్తుడు అనడం అన్యాయం.

1990లో వచ్చిన ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ పథకం దీనికి ఒక తెలివైన విరుగుడు కనిపెట్టింది. కుటుంబం మామూలుగా ఐదేళ్ల ఒప్పందం రాసుకుంటుంది. సంపాదన పెరిగినందువల్ల పెరిగే అద్దెకు తగ్గ మొత్తం వాళ్ల పేరు మీద పొదుపు ఖాతాలో పడుతుంది. ఒప్పందంలోని లక్ష్యాలు పూర్తిచేస్తే ఆ సొమ్ము వాళ్లది. 1998లో మొదలైన జాబ్స్ ప్లస్ ప్రయోగం ఇంకొంత ముందుకెళ్లింది: ఉద్యోగ సాయం, అద్దె వెసులుబాటు, ఇరుగుపొరుగు మద్దతు మూడూ కలిపి ఇచ్చింది. మూడింటినీ సరిగ్గా అమలుచేసినచోట సంపాదన పెరిగింది, సగం సగం చేసినచోట అలా జరగలేదు. మీ దగ్గర డబ్బు తక్కువుంటే మూడిట్లో ఒకటి తీసేయకండి, వీధుల సంఖ్య తగ్గించుకోండి.

కట్టేటప్పుడు

ఖాళీ స్థలంలో ముందు కట్టండి, అందులోకి కుటుంబాల్ని మార్చండి, ఆ తర్వాతే పాతది కూల్చండి. తిరిగొచ్చే హక్కు మాటల్లో కాకుండా ఒక్కో కుటుంబం పేరు మీద కాగితంగా ఉండాలి. ఇప్పుడు లేని షరతు ఏదీ అప్పుడు కొత్తగా పెట్టకూడదని అందులో రాయించండి.

పేటలో జరిగే నిర్మాణమే మొదటి ఉపాధి కావాలి. అమెరికాలో 1968 గృహనిర్మాణ చట్టంలోని సెక్షన్ 3 అడిగేది అదే: ఆ నిధులతో జరిగే పనుల్లో తక్కువ ఆదాయమున్న స్థానికులకు అవకాశాలు దక్కాలి. మీ టెండర్లో ‘స్థానికులకు ప్రాధాన్యం’ అని ఊరికే రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎన్ని గంటల పని స్థానికులకు ఇవ్వాలో, ఎవరు లెక్క చూస్తారో, ఇవ్వకపోతే ఏ బిల్లు ఆగుతుందో రాయండి. పెయింటింగ్, ప్రహరీలు, మొక్కలు లాంటి పనులను చిన్న ముక్కలుగా విడగొడితే పేటలోని మేస్త్రీలూ టెండరు వేయగలరు. బిల్లు పదిహేను రోజుల్లో ఇవ్వండి. మూడు నెలలు ఆగే స్తోమత పెద్ద కాంట్రాక్టరుకు ఉంటుంది, మేస్త్రీకి ఉండదు.

భూమి సంగతి ధరలు పెరగకముందే చూసుకోవాలి. డడ్లీవాళ్లు కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు పెట్టుకున్నారు: భూమి ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది, తిరిగి అమ్మేటప్పుడు ధరకు హద్దు. పేట బాగుపడ్డాక పెరిగిన అద్దెలు అక్కడివాళ్లను తరిమేయకుండా ఆపే పద్ధతుల్లో నాకు ఎక్కువ గురి ఉన్నది దీనిమీదే.

ఏం కొలవాలి

ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్నది రిపోర్టుల కోసం రాసుకోవచ్చు. మీరు చూడాల్సింది ఆరు నెలల తర్వాత అదే పనిలో ఎందరున్నారు, అప్పు తగ్గిందా, పొదుపు మొదలైందా అన్నవి. ఏడాదికోసారి మొదటి రోజు రాసుకున్న కుటుంబాల జాబితా తీసి ఒక్కో తలుపూ తట్టండి. అదే కుటుంబం తలుపు తీస్తే టిక్కు పెట్టండి. వేరేవాళ్లు తీస్తే, పాతవాళ్లు ఎటు వెళ్లారో, ఎందుకు వెళ్లారో కనుక్కుని పేరు పక్కనే రాయండి. ఎక్కువ పేర్ల పక్కన ‘అద్దె’ అని ఉంటే, వచ్చే ఏడాది బడ్జెట్లో మొదటి పద్దు దానిదే.