గీజర్ ఆగిపోతే ముందు ప్లగ్ చూడండి

మొన్న డిసెంబర్‌లో, సరిగ్గా చలి ముదిరిన రోజునే మా గీజర్ మొరాయించింది. లైటు కూడా వెలగలేదు. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) చూస్తే పడిపోలేదు. లోపల నీళ్లు వేడిచేసే కాయిల్ పోయిందేమో, ఖర్చు తప్పదని ఒకటే టెన్షన్. ఎందుకైనా మంచిదని ఎంసీబీ దించేసి ప్లగ్ పీకితే, ఒక పిన్ను నల్లగా మాడిపోయి ఉంది.

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. సాకెట్‌లో వైరు స్క్రూ వదులైతే ఆ చోటే వేడెక్కి, మెల్లగా మాడుతూ వస్తుంది. స్విచ్ వేసినప్పుడల్లా చిటపటమనేది, నేనే పట్టించుకోలేదు. తడి చేతుల బాత్రూమ్ వ్యవహారం కదా, సొంత ప్రయోగాలు మానేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. మాడిన వైరు చివర కత్తిరించి, 16 ఆంపియర్ల కొత్త సాకెట్, ప్లగ్ బిగించాడు. అరగంట పని. కాయిల్ నిక్షేపంగా ఉంది.

మా ఆవిడ మాత్రం గీజర్ లేని ఆ రెండు రోజులూ పొయ్యి మీద కాచిన నీళ్లే బాగున్నాయంటోంది.